వేడి గదిలో యోగా: మొదటి క్లాసు నుంచి వారానికి మూడు రోజుల అలవాటు దాకా

హాట్ యోగా మొదలుపెట్టానని అమ్మకి ఫోన్లో చెప్పినప్పుడు కాసేపు అవతల నుంచి మాట రాలేదు. ఆ తర్వాత, "ఏమే, బెజవాడలో ఊరికే దొరికే ఉక్కపోతకి అక్కడ నెలనెలా డబ్బులు కడుతున్నావా?" అంది. ఏం చెప్పాలో తోచలేదు. నేనుండేది షికాగో శివారులో. ఆ రోజు బయట మైనస్ పదిహేను. ఆ చలిలో కారు అద్దం మీద మంచు గీక్కుని, 40 డిగ్రీల గదిలో గంటన్నర చెమట కార్చడానికి వెళ్లడమంటే ఎవరికైనా పిచ్చిగానే అనిపిస్తుంది.

ఆరేళ్లుగా వెళ్తున్నాను. మధ్యలో రెండుసార్లు మానేశాను, రెండుసార్లూ మళ్లీ మొదటికొచ్చాను. మానేసినప్పుడల్లా కారణం ఆసనాలు కాదు. మధ్యాహ్నం సరిగ్గా తినకపోవడం, నీళ్లు తాగకపోవడం, తడి బట్టలు బ్యాగులో మర్చిపోవడం, రాత్రి తొమ్మిదింటి క్లాసు చేసి ఒంటిగంట దాకా నిద్ర పట్టకపోవడం. అందుకే ఇందులో ఆసనాల కంటే వాటి ముందూ వెనకా జరగాల్సిన పనుల గురించే ఎక్కువ రాశాను.

ఏ హాట్ యోగా?

వేడి గదిలో చేసే ప్రతిదాన్నీ హాట్ యోగా అంటున్నారు కాబట్టి ముందు తేడా తెలుసుకోవాలి. అసలు రకంలో 26 ఆసనాలు, రెండు శ్వాస అభ్యాసాలు ఉంటాయి. వరస ఎప్పుడూ మారదు. వ్యవధి 90 నిమిషాలు, గది 105 డిగ్రీల ఫారెన్‌హీట్, అంటే 40 సెల్సియస్ పైచిలుకు, తేమ 40 శాతం. దీన్ని అమెరికాలో 1970లలో వ్యాపారంగా పెంచినవాడు కలకత్తా నుంచి వచ్చిన బిక్రమ్ చౌదరి. ఆయన గురువు బిష్ణు చరణ్ ఘోష్. పరమహంస యోగానంద తమ్ముడే ఈయన. 1923లో కలకత్తాలో వ్యాయామ కళాశాల పెట్టాడు.

బిక్రమ్ తన వరసకి కాపీరైట్ ఉందని వాదించాడు. అది చెల్లదని 2015లో అమెరికా ఫెడరల్ అప్పీలు కోర్టు తేల్చింది. ఆ తర్వాతి ఏడాది, లైంగిక వేధింపుల కేసులో ఆయన మాజీ న్యాయ సలహాదారుకి లక్షల డాలర్ల పరిహారం ఇవ్వాలని లాస్ ఏంజెలెస్ జ్యూరీ చెప్పింది. చాలా స్టూడియోలు ఆయన పేరు బోర్డు మీంచి తీసేశాయి. ఇప్పుడు అదే వరస "హాట్ 26", "26 అండ్ 2" లాంటి పేర్లతో నడుస్తోంది. మనిషిని వదిలేసి వరసని ఉంచుకున్నారన్నమాట. నాకూ అదే సబబనిపిస్తుంది.

రెండో రకం వేడి విన్యాస యోగా. గది 30 నుంచి 37 డిగ్రీల మధ్య, గంట సేపు, ఆసనాలు రోజూ మారతాయి, కదలిక వేగంగా ఉంటుంది. వేడి తక్కువ కదా తేలిక అనుకోకండి. సూర్యనమస్కారాల మీద సూర్యనమస్కారాలు చేయిస్తారు. కొత్తవాళ్లకి నేనైతే మొదటి రకాన్నే, కాకపోతే 60 నిమిషాల క్లాసునే సూచిస్తాను. రేపు ఏం చేయిస్తారో ఈ రోజే తెలుస్తుంది, దానివల్ల సగం భయం పోతుంది.

వేడి వల్ల ఏం వస్తుంది, ఏం రాదు

టెక్సస్ స్టేట్ విశ్వవిద్యాలయంవాళ్లు 2018లో వెలువరించిన ప్రయోగం ఒకటుంది. ఇదే 26 ఆసనాల వరసని కొందరి చేత 40 డిగ్రీల గదిలో, మరికొందరి చేత 23 డిగ్రీల మామూలు గదిలో చేయించారు. వారానికి మూడు క్లాసులు, 12 వారాలు. రక్తనాళాలు వ్యాకోచించే గుణం రెండు గుంపుల్లోనూ మెరుగుపడింది. అంటే ఆ లాభం యోగా వల్ల వచ్చింది, వేడి వల్ల కాదు. వేడి పడని మనిషి ఫ్యాన్ కింద అదే వరస చేసుకున్నా పోగొట్టుకునేది పెద్దగా ఉండదు.

కేలరీల లెక్క కూడా చెబుతాను. చెమట చూసి వెయ్యి కేలరీలు ఖర్చయ్యాయనుకుంటారు. కొలరాడో స్టేట్ విశ్వవిద్యాలయంలో కొలిస్తే 90 నిమిషాలకి మగవాళ్లకి సుమారు 460, ఆడవాళ్లకి సుమారు 330 తేలింది. గంటన్నర చురుగ్గా నడిస్తే ఖర్చయ్యేది దాదాపు అంతే. క్లాసు అయ్యాక త్రాసులో తగ్గిన కిలో మొత్తం నీళ్లే, రాత్రికి తిరిగొచ్చేస్తుంది. ఒంట్లో విషాలు చెమటలో పోతాయన్న మాటనీ పక్కన పెట్టండి. ఆ పని కాలేయం, మూత్రపిండాలు చూసుకుంటాయి.

మరి ఎందుకు వెళ్లడం? నా మట్టుకు నాకు, ఆ గదిలో ఫోన్ ఉండదు, మాటలుండవు, ఆఫీసు టెన్షన్ని తలుచుకునేంత తీరిక మెదడుకి దొరకదు. 2023లో బోస్టన్‌లోని మసాచుసెట్స్ జనరల్ ఆసుపత్రి వైద్యులు డిప్రెషన్ ఉన్నవాళ్ల మీద ఎనిమిది వారాలు ఇదే యోగా ప్రయోగించి చూశారు. వారానికి రెండు క్లాసులు చేయమంటే సగటున ఒకటికి కాస్త ఎక్కువే హాజరయ్యారు. అయినా చేసినవాళ్లలో 59 శాతం మందికి లక్షణాలు సగమో అంతకంటే ఎక్కువో తగ్గాయి. చిన్న ప్రయోగం, మందులు మానేయడానికి ఆధారం కాదు. వారానికి ఒక్కటైనా వృథా కాదని చెప్పుకోవడానికి మాత్రం పనికొస్తుంది.

మొదటి అడుగు: మీ ఒంటికి సరిపడుతుందా

గర్భిణులు వద్దు. తొలి మూడు నెలల్లో తల్లి శరీరం బాగా వేడెక్కితే బిడ్డ వెన్నుకి, మెదడుకి ప్రమాదం. గుండె జబ్బు ఉన్నవాళ్లు, ఒకసారి వడదెబ్బ తగిలినవాళ్లు, తరచూ కళ్లు తిరిగి పడిపోయేవాళ్లు డాక్టరు ఒప్పుకుంటే తప్ప వెళ్లకండి. బీపీకి నీళ్లు పోయించే మాత్రలు గానీ బీటా బ్లాకర్లు గానీ వాడుతుంటే ఒళ్లు వేడిని తట్టుకునే తీరు మారుతుంది. లిథియం, కొన్ని డిప్రెషన్ మందులు, జలుబుకి వేసుకునే మాత్రలు కూడా అంతే. ఇన్సులిన్ తీసుకునేవాళ్లకి వేడిలో అది తొందరగా ఒంట్లోకి ఎక్కి షుగర్ పడిపోవచ్చు.

డాక్టరు దగ్గర "యోగా చేయొచ్చా" అని అడిగితే "ఓ, చక్కగా చేయండి" అంటారు. అలా అడక్కండి. "40 డిగ్రీల గదిలో గంటన్నర వ్యాయామం చేయొచ్చా" అనడగండి. జవాబు వేరేగా ఉంటుంది.

రెండో అడుగు: స్టూడియో చూసి రావడం

డబ్బు కట్టే ముందు ఒక క్లాసు ముగిసే సమయానికి వెళ్లి తలుపు దగ్గర నిలబడండి. బయటికి వచ్చేవాళ్ల మొహాలు చూడండి. ఎర్రబడి, అలిసి, నవ్వుతూ వస్తుంటే సరే. గోడకి ఆనుకుని కూలబడేవాళ్లు ఇద్దరు ముగ్గురు కనిపిస్తే ఆలోచించండి. ముక్కుకీ పని చెప్పండి. కార్పెట్ పరిచిన గదుల్లో ఏళ్ల తరబడి ఇంకిన చెమట ముక్క వాసన కొడుతుంది. రబ్బరు నేలో చెక్క నేలో అయితే తుడవగలరు.

లోపల ఉష్ణోగ్రతా తేమా చూపించే మీటరు ఉందా, గాలి మార్చే ఏర్పాటు ఉందా, రోజూ నేల కడుగుతారా అని అడగండి. ఆఖరిగా, "నాకు బాగాలేకపోతే మధ్యలో బయటికి రావచ్చా?" అని అడగండి. "వీలైనంత వరకు గదిలోనే పడుకోండి, కానీ రావాలనిపిస్తే రండి" అంటే మంచి చోటు. "మధ్యలో ఎవరినీ పంపం" అంటే అక్కడ చేరకండి. ఏడాది కాంట్రాక్టు ఎవరు ఎంత తియ్యగా చెప్పినా మొదటి నెలలో సంతకం పెట్టొద్దు. కొత్తవాళ్లకి తక్కువకి ఇచ్చే వారం, నెల పథకాలు దాదాపు ప్రతిచోటా ఉంటాయి.

మూడో అడుగు: సామాను

మ్యాటు మీ సొంతదే ఉండాలి. దాని మీద నిలువునా కప్పే తువ్వాలు ఒకటి, మొహానికి చిన్నది ఒకటి. తువ్వాలు లేకపోతే ఇరవయ్యో నిమిషానికల్లా మ్యాటు మీద పాదాలు జారతాయి. కాటన్ టీషర్టు వద్దు, నీళ్లు పీల్చుకుని గోనెసంచిలా వేలాడుతుంది. ఒంటికి అతుక్కునే పలచటి బట్టలు, మోకాలు కనిపించేవి మేలు. పొట్టి బట్టలంటే మొదట్లో నేనూ మొహమాటపడ్డాను. పది నిమిషాలు గడిచాక ఎవరి చెమట వాళ్లకే సరిపోతుంది, పక్కవాళ్లని చూసే ఓపిక ఎవరికీ ఉండదు.

మన ఆడవాళ్లకి రెండు మాటలు. తలకి కొబ్బరినూనె పెట్టుకుని వెళ్లకండి. అది కరిగి కళ్లలోకి దిగుతుంది, మంట పావుగంట దాకా తగ్గదు, పైగా మ్యాటు జారుడుబండ అవుతుంది. మెడలో గొలుసులు కూడా తీసి ఇంట్లోనే పెట్టండి. పాదహస్తాసనంలో తలకిందులుగా వంగినప్పుడు నా మంగళసూత్రం జారి పళ్లకి తగిలింది. కాస్త వేడెక్కి కూడా ఉంది.

నాలుగో అడుగు: నీళ్లు, ఉప్పు, తిండి

కొత్తవాళ్లలో చాలామంది బోల్తా పడేది ఇక్కడే. క్లాసుకి అరగంట ముందు లీటరు నీళ్లు గటగటా తాగేస్తారు. అవి ఒంటికి పట్టవు. సగం పొట్టలో గుడగుడలాడతాయి, మిగతావి మూత్రంగా పోతాయి. నీళ్ల పని ముందు రోజు సాయంత్రం నుంచే మొదలవ్వాలి. సాయంత్రం ఆరింటి క్లాసైతే పొద్దున లేచింది మొదలు గంటకో గ్లాసు చొప్పున తాగుతూ రండి. క్లాసుకి రెండు గంటల ముందు రెండు గ్లాసులు, ఆ తర్వాత గొంతు తడుపుకోవడమే. మూత్రం లేత నిమ్మరసం రంగులో ఉంటే చాలు. పూర్తిగా నీళ్లలా ఉంటే ఎక్కువ తాగుతున్నారని అర్థం.

తాగిన నీళ్లు ఒంట్లో నిలవాలంటే ఉప్పు ఉండాలి. లీటరు చెమటలో సుమారు ఒక గ్రాము సోడియం పోతుంది. మనిషిని బట్టి అందులో సగమూ పోవచ్చు, రెండింతలూ పోవచ్చు. నల్ల బట్టలు ఆరాక తెల్లటి చారలు కడితే మీరు ఉప్పు ఎక్కువ పోగొట్టుకునే రకం. ఒట్టి నీళ్లే లీటర్లకొద్దీ తాగితే రక్తంలో సోడియం పలచబడుతుంది. తలనొప్పి, వాంతి, అయోమయం వస్తాయి, ముదిరితే ప్రాణం మీదికి వస్తుంది. నీరసంగా ఉందని మళ్లీ నీళ్లే తాగితే ఇంకా చెడుతుంది.

అలాగని స్టూడియో కౌంటర్లో అమ్మే రంగురంగుల పొట్లాలు కొననక్కర్లేదు. పెరుగుని నాలుగింతల నీళ్లతో చిలికి, ఉప్పు, కాస్త అల్లం, కరివేపాకు వేసిన పలచటి మజ్జిగ నాకు ఆరేళ్లుగా సరిపోతోంది. ఎక్కువ చెమట పోసిన రోజు ఓఆర్ఎస్ పొట్లం ఒక లీటరు నీళ్లలో కలిపి తాగుతాను. పొట్లం లేకపోతే లీటరు నీళ్లకి ఆరు చెంచాల చక్కెర, అర చెంచా ఉప్పు. చెంచా అంటే టీ చెంచా, గుట్టగా కాకుండా అంచుకి సమంగా కొలవాలి. చేతి అంచనాతో ఉప్పు ఎక్కువ పడితే మేలు కంటే కీడే ఎక్కువ. ఇక బీపీ ఉన్నవాళ్లు ఉప్పు పెంచే ముందు డాక్టర్ని అడగాలి. నిజానికి రోజూ ఆవకాయతో మొదలై మజ్జిగ మిరపకాయతో ముగిసే భోజనం చేసేవాళ్లకి వారానికి మూడు క్లాసుల కోసం ప్రత్యేకంగా ఉప్పు పెంచాల్సిన పని ఉండదు.

తిండి సంగతి తేలిక. అన్నం, కూర, పప్పు లాంటి పూర్తి భోజనం అయితే మూడు గంటలు, టిఫినైతే రెండు గంటలు గడవాలి. ఖాళీ కడుపుతో వెళ్లడం నిండు కడుపుతో వెళ్లడమంత తప్పు. ఆకలేస్తే గంట ముందు ఒక అరటిపండు. పొద్దున ఆరింటి క్లాసుకి ముందు చిన్న గ్లాసు రాగి జావ బాగుంటుంది. వేపుళ్లు, బిర్యానీ, వెల్లుల్లి దండిగా పడ్డ పచ్చళ్లు ఆ పూటకి వద్దు. పడుకుని చేసే ఆసనాల్లో గొంతులోకి తన్నుకొస్తాయి, మీ పక్కవాళ్లకీ తెలిసిపోతాయి.

అయిదో అడుగు: మొదటి క్లాసు

నా మొదటి క్లాసు రోజు పొద్దున్నించీ మీటింగులు. మూడు కాఫీలు, మధ్యాహ్నం రెండు బిస్కెట్లు. "యోగానే కదా, చిన్నప్పుడు స్కూల్లో చేశాం" అనుకుని వెళ్లి ముందు వరసలో అద్దం ఎదురుగా మ్యాటు పరిచాను. గంట దాటాక ఉష్ట్రాసనం వచ్చింది. మోకాళ్ల మీద నిలబడి, నడుం వెనక్కి వంచి, చేతులతో మడమలు పట్టుకోవాలి. వంగేటప్పుడు బాగానే ఉంది. లేచేసరికి చెవుల్లో హోరు, అద్దంలో నా మొహం చుట్టూ నల్లటి అంచు. టీచరు గదవతల నుంచే చూసింది. "కూర్చోవద్దు, పడుకో, కాళ్లు కాస్త పైకి" అంది. మిగతా క్లాసంతా పైకప్పు చూస్తూ పడుకున్నాను.

అలా ఎందుకవుతుందో తెలుసుకుంటే భయం తగ్గుతుంది. ఒళ్లు చల్లబరచడానికి రక్తం చర్మం వైపు మళ్లుతుంది. చర్మం కింది నాళాలు తెరుచుకోవడంతో బీపీ కొంచెం పడుతుంది. చెమట పోయి రక్తంలో నీరు కూడా తగ్గుతుంది. ఆ స్థితిలో తల కిందికి వెళ్లి గబుక్కున పైకి లేస్తే మెదడుకి రక్తం ఒక్క క్షణం చాలదు. అందుకని పాదహస్తాసనం నుంచి, ఉష్ట్రాసనం నుంచి, చివర్లో వచ్చే శశాంగాసనం నుంచి లేచేటప్పుడు అయిదు అంకెలు లెక్కపెడుతూ లేవండి. తల అన్నిటికంటే ఆఖరున రావాలి.

మ్యాటు వెనక వరసలో, తలుపుకి దగ్గరగా వేసుకోండి. ముందు అలవాటైనవాళ్లు ఉంటే వాళ్లని చూసి చేయొచ్చు, తలుపు తెరిచినప్పుడల్లా కాస్త చల్లగాలి కూడా తగులుతుంది. పది నిమిషాలు ముందే లోపలికి వెళ్లి వెల్లకిలా పడుకుంటే ఒళ్లు వేడికి సర్దుకుంటుంది.

మొదట నిలబడి చేసే ప్రాణాయామం. వేళ్లు పెనవేసి గడ్డం కింద పెట్టి, ముక్కుతో ఆరు అంకెలు లోపలికి, నోటితో ఆరు అంకెలు బయటికి. ఆ తర్వాత అర్ధచంద్రాసనం, ఉత్కటాసనం, గరుడాసనం. ఒక్కో ఆసనం రెండేసిసార్లు చేయిస్తారు, రెండోసారి కాస్త తక్కువ సేపు. నిలబడి చేసేవి దాదాపు మొదటి సగం. ఒక్క కాలి మీద నిలబడే దండాయమాన జానుశిరాసనంలో "మోకాలు బిగించు" అని పదేపదే అంటారు. దానర్థం మోకాలిని వెనక్కి నెట్టమని కాదు. తొడ కండరం బిగిస్తే మోకాలి చిప్ప పైకి లేస్తుంది, అంతవరకే. వెనక్కి నెడితే కొన్ని నెలలకి మోకాలి వెనక నొప్పి ఖాయం. ఆ ఆసనంలో తల మోకాలికి తాకించడం చివరి మెట్టు. నాకు మొదటి మెట్టు, అంటే ఒక కాలు ఎత్తి పాదం పట్టుకుని నిలబడడం, కుదరడానికే నాలుగు నెలలు పట్టింది.

తర్వాత నేల మీదివి. పవనముక్తాసనం, భుజంగాసనం, శలభాసనం, ధనురాసనం వగైరా, మధ్య మధ్యలో ఇరవై సెకన్ల శవాసనం. ఆ ఇరవై సెకన్లూ నిజంగా కదలకుండా ఉండండి. చెమట తుడుచుకోవడానికి, జుట్టు సర్దుకోవడానికి వాడుకునేవాళ్లే తొందరగా అలిసిపోతారు. అసలు చెమట ఊరికే తుడవకూడదు. ఆవిరైన చెమటే ఒంటిని చల్లబరుస్తుంది. కారి కింద పడ్డదాని వల్ల, తువ్వాలులోకి పోయినదాని వల్ల లాభం లేదు. కళ్లలోకి వస్తే తుడుచుకోండి, చాలు.

వేడి చేసే మోసం ఒకటుంది. కండరాలు మెత్తబడి, ఇంట్లో వంగనంత వంగిపోతారు. "అబ్బ, ఎంత వంగానో" అనుకుంటారు, మర్నాడు పొద్దున తొడ వెనక నరం లాగినట్టు మంచం దిగలేరు. వంగగలిగినదాంట్లో నాలుగు వంతులకి మూడు వంతుల దగ్గర ఆగండి, మొదటి రెండు నెలలూ.

కొన్ని పాత పద్ధతి స్టూడియోల్లో గరుడాసనం అయ్యేదాకా నీళ్లు తాగనివ్వరు. దాహమేస్తే తాగండి, రెండు గుక్కలు. ఎవరూ జైల్లో పెట్టరు. కళ్లు తిరిగితే పడుకోండి. పడుకున్నా తగ్గకపోతే, వాంతి వచ్చేలా ఉంటే, చెమట పోస్తున్నా చలి వేస్తే, మాట తడబడితే టీచరు ఏమన్నా సరే బయటికి రండి. అమెరికన్ కౌన్సిల్ ఆన్ ఎక్సర్‌సైజ్ 2015లో చేయించిన అధ్యయనంలో ఉష్ణోగ్రత కొలిచే మాత్రలు మింగించి 90 నిమిషాల క్లాసులో చూశారు. మగవాళ్ల ఒంటి లోపలి వేడి సగటున 103 డిగ్రీల ఫారెన్‌హీట్ దాటింది. ఒకరిది 104 దాటింది. వడదెబ్బ గీత ఉండేది అక్కడే. అయోమయంగా మాట్లాడుతున్న మనిషి కనిపిస్తే ముందు చల్లటి నీళ్లు ఒంటి మీద పోసి గాలి తగలనివ్వాలి, అదే సమయంలో అంబులెన్సుకి ఫోన్ చేయాలి. మన రెండు రాష్ట్రాల్లో 108, అమెరికాలో 911.

ఆరో అడుగు: క్లాసు అయ్యాక మొదటి గంట

చివరి శవాసనం దాటవేసి పార్కింగుకి పరిగెత్తకండి. పడుకున్న అయిదు నిమిషాల్లో గుండె వేగం దిగుతుంది. బయటికొచ్చాక పావుగంట కూర్చుని తర్వాతే కారు తీయండి. చలి దేశాల్లో ఉన్నవాళ్లు బట్టలు పూర్తిగా మార్చుకుని, జుట్టు ఆరబెట్టుకుని, టోపీ పెట్టుకుని బయటికి రావాలి. జనవరిలో తడిజుట్టుతో కారు దాకా నడిస్తే నా జడ నిజంగానే గడ్డకట్టి కర్రలా తగిలింది.

మొదటి పది క్లాసులకి ఇంట్లో త్రాసు వాడండి. వెళ్లే ముందు, వచ్చి ఒళ్లు తుడుచుకున్నాక బరువు చూడండి. ఒక రోజు నా లెక్క ఇది: ముందు 64.2 కిలోలు, తర్వాత 63.1. క్లాసులో తాగింది 400 మిల్లీలీటర్లు. అంటే చెమట లీటరున్నర. ఇంకా తీర్చాల్సిన లోటు 1.1 కిలోలు. మూత్రంగా పోయేది కూడా కలుపుకుని ఒకటిన్నర లీటరు దాకా, పడుకునేలోపు నిదానంగా తాగాలి. బరువు రెండు శాతం కంటే ఎక్కువ తగ్గితే, నా విషయంలో 1.3 కిలోలు, తర్వాతిసారి క్లాసులోనే ఎక్కువ తాగాలన్నమాట. నాలుగైదుసార్లు ఇలా చూస్తే మీ ఒంటి లెక్క మీకు వచ్చేస్తుంది. ఆ తర్వాత త్రాసు జోలికి పోనక్కర్లేదు, లేకపోతే తగ్గిన కిలో చూసి మురిసిపోయే జబ్బు పట్టుకుంటుంది.

స్నానం గోరువెచ్చటి నీళ్లతో. భోజనం ముప్పావు గంట తర్వాత. పప్పన్నం, పెరుగన్నం, పెసరట్టు, ఏదైనా సరే.

ఏడో అడుగు: మొదటి నెల

వేడికి ఒళ్లు అలవాటు పడడం మనసుకి సంబంధించింది కాదు, ఒంట్లో నిజంగా మార్పులు వస్తాయి. రక్తంలో నీటి భాగం పెరుగుతుంది, చెమట త్వరగా, ఎక్కువగా మొదలవుతుంది, అందులో ఉప్పు తగ్గుతుంది. రోజూ వేడి తగిలితే దీనికి ఒకటి నుంచి రెండు వారాలు పడుతుంది. రోజు విడిచి రోజు వెళ్లేవాళ్లకి ఇంకొంచెం ఆలస్యం. అందుకే మొదటి రెండు వారాల్లో మధ్య ఒక్క రోజు విరామమిస్తూ వెళ్లండి. వారానికి ఒక్కసారే వెళ్తే ప్రతి క్లాసూ మొదటి క్లాసులాగే ఉంటుంది, విసుగొచ్చి మానేస్తారు. మూడో వారం నుంచి వారానికి మూడు. ముప్పై రోజులు ముప్పై క్లాసుల సవాళ్లు గోడల మీద అంటించి ఉంటాయి, చూసి వదిలేయండి.

వచ్చిన అలవాటు పోవడానికి కూడా ఎక్కువ కాలం పట్టదు. మూడు నాలుగు వారాలు మానేస్తే మళ్లీ కొత్తవాళ్లే. జ్వరం తగ్గాక, ప్రయాణం తర్వాత, పాత ఊపులో ముందు వరసలో నిలబడొద్దు. జ్వరం, విరేచనాలు, ముందు రాత్రి మద్యం, నాలుగు గంటల నిద్ర: ఈ నాలిగింటిలో ఏదున్నా ఆ రోజు క్లాసు లేదు. నెలసరి రోజుల్లో వెళ్లొచ్చు. రక్తస్రావం ఎక్కువైన రోజు నేను మానేస్తాను.

ఎనిమిదో అడుగు: వారంలో ఇమడ్చడం

90 నిమిషాల క్లాసంటే రానుపోను, స్నానం, బట్టలు కలిపి మూడు గంటలు. ఇది ముందే ఒప్పుకోకపోతే ఇంట్లో గొడవ. మా ఇంట్లో మంగళ, గురువారాలు వంట మా ఆయనది, శనివారం పొద్దున్న పిల్లల మ్యూజిక్ క్లాసు కూడా ఆయనదే. బదులుగా ఆయన క్రికెట్ ఆదివారాలు నేను నోరెత్తను. రాత్రి తొమ్మిది గంటల క్లాసు తక్కువ ధరకి ఉంటుంది, ఆశపడకండి. వేడెక్కిన ఒళ్లు చల్లబడితే గానీ నిద్ర పట్టదు. పడుకునే వేళకి మూడు గంటల ముందే ముగియాలి.

ఇక బట్టలు. ఒక శుక్రవారం తడి తువ్వాలు కారు డిక్కీలో మర్చిపోయి సోమవారం తీశాను. కారు అమ్మేదాకా ఆ వాసన ఉంది. ఇంటికి రాగానే అన్నిటినీ చల్లటి నీళ్లలో జాడించి ఆరేయండి, వెంటనే వాషింగ్ మెషీన్ వేయకపోయినా ఫర్వాలేదు. మ్యాటు మీద నీళ్లూ వెనిగరూ కలిపి చల్లి, తుడిచి, బాత్రూమ్ కర్టెన్ రాడ్డు మీద వేలాడదీయాలి. చుట్టి మూలన పెడితే రెండు రోజుల్లో బూజు. తడి బట్టల్లోనే కూరగాయల షాపుకి వెళ్లడం, అద్దె మ్యాట్లు వాడడం వల్ల గజ్జల్లో తామర వస్తుంది. అది వచ్చినంత తొందరగా పోదు.

మన ఊళ్లో ఉంటే

హైదరాబాద్‌లో గానీ విశాఖలో గానీ ఉంటూ ఇంట్లోనే వేడి గది తయారుచేసుకుందామని చూడకండి. తలుపులు బిగించి బొగ్గుల కుంపటో గ్యాస్ హీటరో పెడితే కార్బన్ మోనాక్సైడ్‌తో ప్రాణం పోతుంది. బాత్రూమ్‌లో గీజరు ఆవిరి పట్టించి చేయడం ఇంకో తెలివి. తడి టైల్స్ మీద ఒంటికాలి ఆసనాలేంటి? ఒంటరిగా వేడిలో చేయడమే అసలు తప్పు, పడిపోతే చూసేవాళ్లుండరు.

ఏప్రిల్ నుంచి జూన్ దాకా మనకి ఏ హీటరూ అక్కర్లేదు. విజయవాడలో, రామగుండంలో మే నెల గాలి స్టూడియో గది కంటే వేడిగా ఉండే రోజులున్నాయి. స్టూడియోలో గంటన్నర తర్వాత చల్లటి హాల్లోకి వస్తాం, ఇక్కడ రాత్రంతా అదే ఉక్క. అందుకని మండే నెలల్లో వేడి క్లాసులు సగానికి తగ్గించండి, మిగతా రోజులు అదే వరస ఫ్యాన్ కింద చేసుకోండి. రెండేళ్లకోసారి మే నెలలో ఇంటికి వెళ్లినప్పుడు నేను డాబా మీద పొద్దున అయిదున్నరకి మొదలుపెట్టి, ఎండ పిట్టగోడ దాటేలోపు దిగిపోతాను. 26 ఆసనాలూ ఒక్కోసారి చొప్పున అయితే 45 నిమిషాలు చాలు. సాయంత్రం డాబా మాత్రం వద్దు. పగలంతా కాగిన సిమెంటు రాత్రి తొమ్మిదింటికి కూడా అరికాళ్లకి చురుక్కుమంటుంది.